సూది తప్పించుకోబోయి ఇనస్పెక్టరునయ్యాను

మీలో ఎవరికైనా ఒంట్లో ఆరోగ్యం, జేబులో ఓడ టిక్కెట్టు, చేతిలో మంచి ఉద్యోగం ఉండి, ఇంత సుఖం నాకెందుకు అని విసుగు పుడితే నా దగ్గరకు రండి. మూడింటినీ ఒక్క దెబ్బతో పోగొట్టుకునే ఉపాయం చెబుతాను. పుస్తకాల్లో చదివింది కాదు, నేను స్వయంగా చేసి చూసింది.

ఆ రోజుల్లో నేను రంగూనులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాని. పుట్టింది ఏలూరులోనే అయినా మీసం మొలిచింది మాత్రం రంగూనులో. అందుచేత సెలవు మీద అక్కగారింటికి వచ్చినప్పుడల్లా నేను తమ్ముడిలా కాక దిగుమతి సరుకులా ప్రవర్తించేవాణ్ణి. ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నెత్తిన బోర్లించిన గిన్నెలాంటి సోలా టోపీ. ఆ వేషంతో ఏలూరు పవరుపేటలో నడుస్తుంటే ఆవులు కూడా పక్కకు తప్పుకునేవి. గౌరవమనుకునేవాణ్ణి. "రంగూనులో అయితేనా..." అని ఒకసారైనా అనకపోతే నాకు అన్నం దిగేది కాదు.

ఆ వేసవిలో కొల్లేటి లంకల్లో కలరా రేగింది. వెంటనే ఏలూరులో కూడా సర్కారువారు నడుం బిగించారు. సంత ఎత్తేశారు. కోసిన పళ్ళు అమ్మేవాళ్ళను తరిమేశారు. బావులన్నిటిలో తెల్లటి పొడి కొట్టించారు. ఆ నీళ్ళతో మా అక్క కాఫీ పెడితే తాగుతున్నది కాఫీయో, చాకలివారి బానలోని నీళ్ళో తేల్చుకోలేకపోయేవాళ్ళం. నేను అరుగు మీద కూర్చుని, టిక్కెట్టు కొనుక్కుని నాటకానికి వచ్చిన పెద్దమనిషిలా, "ఇదేం ఏర్పాటండీ! రంగూనులో అయితేనా..." అని వచ్చేపోయేవాళ్ళకు వ్యాఖ్యానం చెబుతుండేవాణ్ణి.

అలా చూస్తుండగానే ఆ నాటకంలోకి నన్నూ లాగారు. కలరా సూది పొడిపించుకున్నట్టు సర్టిఫికెట్టు చూపిస్తే తప్ప కాకినాడ రేవులో ఎవరినీ ఓడ ఎక్కనివ్వరని తెలిసింది. నా సెలవు అయిపోవస్తోంది. ఆ ఓడ తప్పితే మిల్లులో నా కుర్చీ నాకోసం ఎదురుచూస్తూ కూర్చోదు.

మా బావకు చెప్పాను. ఆయన ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా.

"దానికేముంది, వెళ్ళి పొడిపించుకో. చిటికెలో పని," అన్నాడు.

"సూది సంగతి తరవాత బావా. సర్టిఫికెట్టు ఎక్కడిస్తారు?"

మా బావ పేపరు దించి నా మొహంలోకి చూశాడు. "భయమా?"

"భయం కాదు, అభిప్రాయభేదం."

మీ దగ్గర దాపరికమెందుకు? సూది కనబడితే చాలు, నా కాళ్ళలో ఎముకలు ఉండేవి కావు. చిన్నప్పుడు మశూచి టీకాలవాడు వస్తే వడ్ల గాదెలో దూరి, అందులోనే నిద్రపోయినవాణ్ణి. రంగూనులో తెలిసిన మనిషిని పట్టుకుంటే ఏ కాగితమైనా దొరుకుతుంది గనక ఇక్కడా అలాగే అవుతుందనుకున్నాను.

మర్నాడు టీకాల కచేరీకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా చాలా మర్యాదస్తుడు.

"సర్టిఫికెట్టాండీ? దానికేం భాగ్యం, ఇచ్చేస్తామండీ. శానిటరీ ఇనస్పెక్టరు గారి సంతకం కావాలంతే."

"ఆయనెక్కడ?"

"కాంపులో ఉన్నారండీ. తాడేపల్లిగూడెం."

"ఎప్పుడొస్తారు?"

"కలరా తగ్గాకండీ. ఈలోగా సూది పొడిపించుకుంటారా? కంపౌండరు ఖాళీగానే ఉన్నాడు."

ఇంత మర్యాదగల చోట ఎక్కువసేపు ఉండడం ప్రమాదమని, తిన్నగా స్టేషనుకు వెళ్ళి తాడేపల్లిగూడెం బండెక్కాను. బండి దిగేసరికి అక్కడ గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద ఒక స్పిరిటు దీపం, దీపం వెనక మీసాల జవాను.

"ఎక్కణ్ణించండీ?"

"ఏలూరు."

"సర్టిఫికెట్టు ఉందాండీ?"

"దానికోసమే వచ్చాను. ఇనస్పెక్టరు గారిని చూడాలి."

"సర్టిఫికెట్టు లేకుండా ఊళ్ళోకి వెళ్ళనివ్వకూడదండీ."

"సర్టిఫికెట్టు ఇచ్చేవారు ఊళ్ళోనే ఉన్నారు గదయ్యా!"

"ఉంటే ఉంటారండీ. సర్టిఫికెట్టు చూపించి లోపలికెళ్ళి, సర్టిఫికెట్టు అడిగి పుచ్చుకోండి."

దీని మీద నేను రంగూనును తలుచుకుని ఏదో అనబోతుండగా అతను బల్ల కింది నుంచి ఒక పెట్టె తీశాడు. "అదంతా ఎందుకండీ, ఒక్క క్షణం చెయ్యి ఇలా ఇచ్చారంటే..." అంటూ మూత తెరిచాడు. లోపల సూది తళతళలాడింది.

సరిగ్గా ఆ క్షణంలో నా నోటి నుంచి ఒక వాక్యం వెలువడింది. నేను అన్నానని ఇప్పటికీ నమ్మలేను. మోకాళ్ళే అని ఉంటాయి.

"నాకే పొడుస్తావా? నేనూ ఇనస్పెక్టరునే!"

జవాను నా టోపీ చూశాడు. నిక్కరు చూశాడు. చటుక్కున లేచి సలాం కొట్టాడు.

"చిత్తం, చిత్తం! ముందే సెలవియ్యకపోయారా? మా ఇనస్పెక్టరు గారు పొద్దున్నే కొల్లేటికోట వెళ్ళిపోయారండీ. అక్కడి జనం సూది అంటే పడవలెక్కి పారిపోతున్నారట. తమరూ అక్కడికేనాండీ?"

"ఆఁ, అక్కడికే," అన్నాను. ఇంకేమంటాను?

అతను స్వయంగా వచ్చి నన్ను గణపవరం బస్సులో ముందు సీటులో కూర్చోబెట్టాడు. "ఇనస్పెక్టరు గారు, జాగర్త," అని డ్రైవరుకు అప్పజెప్పాడు. గణపవరంలో డ్రైవరు నన్ను పడవ వెంకన్నకు అదే మాటతో అప్పజెప్పాడు. నేను అవుననలేదు. కాదనలేదు. కొబ్బరి బొండాం ఇస్తే తాగాను. గొడుగు పడితే దాని కింద కూర్చున్నాను. ఎలాగూ అసలాయన అక్కడే ఉన్నాడు, చాటుగా సంతకం పెట్టించుకుని వచ్చేస్తే సరి అని నా లెక్క.

వేసవి గనక కొల్లేరు చిక్కిపోయి ఉంది. వెంకన్న గడకర్రతో పడవ తోస్తూ, నీళ్ళలో అల్లుకున్న తూటికాడ తీగలను తప్పిస్తూ అడిగాడు.

"అయ్యగారండి, ఆ సూది పొడిస్తే మడిసి చచ్చిపోతాడంటండి. నిజవేనాండి?"

"శుద్ధ అబద్ధం! కలరా రాకుండా ఉండాలంటే అదొక్కటే దారి," అన్నాను గొడుగు కింద నుంచి.

"తవఁరు పొడిపించుకున్నారాండి?"

"నాకెందుకోయ్? ఇనస్పెక్టర్లకు కలరా రాదు."

వెంకన్న ఆ మాటను భద్రంగా మనసులో దాచుకున్నాడు. నేను గమనించలేదు.

కొల్లేటికోట ఒడ్డున దిగేసరికి మగ, ఆడ అంతా ఒకచోట మూగి ఉన్నారు. మధ్యలో పెట్టెలతో కంపౌండరు ఖాదరు సాహెబు గారు, ఎవరూ ఎక్కని జట్కాబండివాడిలా దిగులుగా కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే ప్రాణం లేచి వచ్చినట్టు ఎదురొచ్చారు.

"రండి సార్! మా ఇనస్పెక్టరు గారు అవతలి లంకకు వెళ్ళారు. ఇంకొకరిని పంపిస్తారని నాకు తెలియదు. ఇక్కడ వీళ్ళకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది. ఒక్క చెయ్యి కూడా దొరకలేదు సార్!"

ఊరి పెద్ద రామన్న ముందుకొచ్చి దండం పెట్టాడు. ఈలోగా వెంకన్న అతని చెవిలో ఏదో ఊదాడు.

"అయ్యగారండి, ఇనస్పెట్రు గార్లకి ఈ జబ్బు రాదంటండి?"

"అంటే... సాధారణంగా రాదు."

"అయితే మాకు సూదులు వద్దులెండి. తలా ఒక ఇనస్పెట్రు ఉద్యోగం ఇప్పించండి."

జనం నవ్వారు. ఖాదరు సాహెబు గారు నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "సార్, మొన్ననే ఇక్కడ మనుషులు పోయారు. ఆ చివర నిలబడ్డ నాగమ్మ మొగుడు పోయి వారం కాలేదు. ఇవాళ వీళ్ళు నవ్వి ఊరుకుంటే ఇంకెంతమంది పోతారో. ఏదో ఒకటి చెయ్యండి," అన్నారు.

నాగమ్మ వైపు చూశాను. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. చంకలో పిల్లను ఎత్తుకుని నా వైపే చూస్తోంది, నేను నిజంగా ఏదో తెలిసినవాణ్ణయినట్టు. అప్పటిదాకా నాకు ఈ కలరా అంతా కాగితాల గొడవలాగానే కనిపించింది.

రామన్న గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటండి. తవఁరు మా కళ్ళ ముందు పొడిపించుకోండి. తవఁరు బాగుంటే మేఁవందరం వరసలో కూకుంటాం."

"నేను రంగూనులో ఎప్పుడో పొడిపించుకున్నాను," అన్నాను.

"ఇందాక అవసరం లేదన్నారు గదండీ?" అన్నాడు వెంకన్న, ఎంతో వినయంగా.

ఇక పారిపోదామా అంటే చుట్టూ కొల్లేరు, పడవ వెంకన్నది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. ఖాదరు సాహెబు గారి మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తెరిచేసరికి పైన ఆకాశం, ఆకాశానికి అంచు కుట్టినట్టు చుట్టూ తలకాయలు.

"పోయాడా?"

"లేదు, రెప్ప కొడతన్నాడు."

"సార్ కాస్త విశ్రాంతి తీసుకుంటున్నారంతే!" అని ఖాదరు సాహెబు గారు నా మొహాన నీళ్ళు చల్లుతున్నారు.

తలకాయల మధ్య నుంచి నాగమ్మ గొంతు వినిపించింది. "మా ఆయన ఏ సూదీ లేకుండానే పోయాడండి. ఈ బాబు చూడబోతే సూది కంటే ముందే పడిపోయాడు. ఇంత పిరికిమడిసే సూది పడ్డాక కూడా బతికినప్పుడు మనకేంటి? నాకు పొడవండి, తరవాత పిల్లకి."

ఆమె వెనక రామన్న, రామన్న వెనక ఊరు. నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక చెయ్యి వేలాడేసుకుని, సాయంత్రం దాకా నేను ఆ వరసకు అధ్యక్షత వహించాను.

పొద్దు వాలే వేళకు అసలు ఇనస్పెక్టరు గారి పడవ వచ్చింది. బక్కపలచటి మనిషి, ఎండకు వాడి మంచి చిరాకు మీద ఉన్నారు.

"ఎవరో ఇనస్పెక్టరు వచ్చారట. ఏరీ?"

"నేనేనండీ," అన్నాను లేచి.

"మరి నేనెవర్ని?"

జరిగిందంతా చెప్పేశాను. ఆయన మొహం ఎరుపెక్కింది. సర్కారు ఉద్యోగి వేషం కట్టినందుకు జైల్లో ఎన్నాళ్ళు ఉంటానో ఆయన వివరిస్తుండగా ఖాదరు సాహెబు గారు వచ్చారు.

"సార్, ఊరంతా పొడిచేశాను. మందు అయిపోయింది."

ఇనస్పెక్టరు గారి నోరు తెరుచుకుని, మూసుకుని, కొంచెం నవ్వులా మారింది. "ఊరంతానా?"

"ఊరంతా సార్."

ఆయన నన్ను ఒక తాటిచెట్టు చాటుకు తీసుకెళ్ళారు. "చూడండి. ఈ ఊరిని ఒప్పించింది నేను. మీరసలు ఇక్కడికి రాలేదు. నేను మిమ్మల్ని చూడలేదు. జైలూ లేదు, గొడవా లేదు. సరేనా?"

"మహాప్రసాదం. మరి నా సర్టిఫికెట్టండీ?"

"రాని మనిషికి సర్టిఫికెట్టు ఎలా ఇస్తానయ్యా?"

"మరి ఈ చెయ్యి?" అని వాచిపోయిన చెయ్యి చూపించాను.

ఆయన దాన్ని శ్రద్ధగా పరిశీలించి, "ఆ చెయ్యి కూడా రాలేదు," అన్నారు.

ఓడకు ఇక గడువు లేదు. ఏలూరు చేరి, ఆ మర్యాదస్తుడైన గుమాస్తా ఎదుట, నా అసలు పేరుతో, రెండో చెయ్యి చాపాను. ఆయన పొంగిపోయి, పై అధికారిని పట్టుకుని ఆ పూటే సర్టిఫికెట్టు తెప్పించి ఇచ్చాడు. సూది పొడిపించుకున్నవారికి అది అంత తేలికట! ఇంట్లో మా అక్క రెండు చేతులకూ ఉప్పు కాపడం పెడుతుంటే మా బావ గుమ్మంలో నిలబడి, "అభిప్రాయభేదం తీరిందా?" అని అడిగాడు. చెయ్యి ఎత్తగలిగితే ఏదో ఒకటి విసిరేవాణ్ణి.

కాకినాడ రేవులో దిగేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఓడ దగ్గరకు తీసుకెళ్ళే పడవలు ఎదురుగా ఊగుతున్నాయి. రేవు డాక్టరు గారు నా కాగితం చూసి మెచ్చుకుని, నోట్లో థర్మామీటరు పెట్టారు.

"సర్టిఫికెట్టు బ్రహ్మాండంగా ఉంది. మనిషే బాగాలేడు," అన్నారు.

"సూది జ్వరమండీ."

"ఒక్క సూదికి ఇంత జ్వరమా?"

"రెండండీ."

"ఇందులో ఒకటే ఉందే?"

"రెండోది ఇందులో ఉందండీ. మొదటిది లేదు. అది నేను ఇనస్పెక్టరుగా ఉన్నప్పుడు పొడిచారు. కానీ అప్పుడు నేను అక్కడికి రాలేదండీ. ఆ చెయ్యి కూడా రాలేదు."

డాక్టరు గారు నా వైపు ఎంతో జాలిగా చూసి, పక్కనున్న కంపౌండరుతో, "పాపం, సంధి ప్రేలాపన కూడా మొదలైంది. జ్వరాలవాళ్ళ షెడ్డులో పడుకోబెట్టండి," అన్నారు.

షెడ్డు కిటికీలోంచి ఓడ పొగ బాగా కనిపించేది. దాన్ని చివరిదాకా చూశాను. తరవాతి ఓడలో రంగూను చేరేసరికి నా కుర్చీలో ఇంకొకాయన కూర్చుని, నాకంటే చక్కగా లెక్కలు రాస్తున్నాడు. నన్ను గోడౌనులో బస్తాల దగ్గర వేశారు. కొల్లేటికోటలో ఆ తరవాత ఒక్క ప్రాణం కూడా పోలేదని మా బావ కబురు చేశాడు. ఇనస్పెక్టరు గారికి ప్రమోషను వచ్చిందని కూడా. రెండు కబుర్లకూ సంతోషించాను, మొదటిదానికి కాస్త ఎక్కువ.

కాబట్టి పాఠక మహాశయులారా, సూర్యచంద్రుల సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నాది కాని ఉద్యోగం ఒక్క నిమిషం కూడా చెయ్యను. సర్కారువారే స్వయంగా మేళతాళాలతో వచ్చి కలెక్టరు పదవి ఇస్తామన్నా సరే, ముందు వాళ్ళను రెండు చేతులూ పైకెత్తి చూపించమంటాను. చేతుల్లో ఏమీ లేదని రూఢి అయ్యాకే, ఎంత జీతమో అడుగుతాను.