ఎంగిలి గిన్నె

లేఆఫ్ అయ్యాక కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చిన అరవై రోజుల గడువులో ఇంక తొమ్మిదే మిగిలాయి. ఆ మధ్యాహ్నం ఒక కంపెనీ నుంచి ఫోన్ రావాలి. అరోరా స్టేషన్ దగ్గరున్న చిన్న వియత్నామీస్ హోటల్లో ట్రైన్ టైమయ్యేదాకా కూర్చున్నాను. ఎవరూ రాకూడదని ఎదుటి కుర్చీలో బ్యాగ్ పెట్టాను.

ఒక వియత్నామీస్ పెద్దావిడ ఆ బ్యాగ్ తీసి నా చేతికిచ్చి, కూర్చుంది. ఒళ్లు మండింది.

ఉద్యోగం వచ్చేదాకా మాంసం ముట్టనని వెంకన్నకు మొక్కుకున్నాను. వెయిటర్‌కి రెండుసార్లు చెప్పాను, "నో మీట్, ఓన్లీ టోఫు" అని. సూప్ రెండు చెంచాలు తాగానో లేదో, ఆవిడ గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నో మీట్ అన్నావుగా. ఈ సూప్ బీఫ్ బోన్స్‌తో కాస్తారు."

నెలన్నరగా వారం వారం ఇదే తాగుతున్నాను.

ఆవిడ తన టోఫు రోల్స్ ప్లేటు నావైపు తోసింది. చేపల సాస్ మాత్రం తన దగ్గరే ఉంచుకుని, నా గిన్నె లాక్కుంది.

"అయ్యో ఆంటీ, ఎంగిలి!" కంగారులో తెలుగులోనే అనేశాను.

ఆవిడ అప్పటికే నూడుల్స్ జుర్రుతోంది. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. ఆ కంపెనీ నంబరే. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆవిడ తలెత్తకుండానే ఫోన్‌ని నా ముందుకు జరిపింది.

ఆ ఉద్యోగం రాలేదు. గడువుకి రెండు రోజుల ముందు ఇంకోటి దొరికింది. ఆ హోటల్‌కి ఇప్పటికీ వెళ్తాను. బ్యాగ్ మాత్రం నా ఒళ్లోనే పెట్టుకుంటాను.