ఒంటికాలి మీద బావగారు

కొల్లేటి నీళ్ళు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో చీరల కొట్ల ఫ్లెక్సీలకు ఫొటోలు తీసేవాణ్ణి. కెమెరా మెడలో పడగానే నాకు కొమ్ములు మొలిచేవి. "గడ్డం కాస్త ఎత్తండమ్మా, ఊపిరి బిగబట్టండమ్మా" అంటే ఎంతటివాళ్ళయినా బిగబట్టాల్సిందే. (మా వైపు ఆజ్ఞకి కూడా అండీ తగిలిస్తాం, అందుకే నొప్పి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.) నా మోడలు మా మేనమామ కూతురు. పొడుగరి కాబట్టి ఇంట్లో ముద్దుపేరు కొంగ. ఆ పేరుకి న్యాయం చేయాలని పట్టుచీర కట్టించి, కొల్లేట్లో మోకాల్లోతు నీళ్ళల్లో ఒంటికాలి మీద నిలబెట్టి, ఎండ వాలేదాకా తీశాను. ఫ్లెక్సీ బ్రహ్మాండం! పిల్లకి మాత్రం జ్వరం.

కొన్నాళ్ళకి ఆ అమ్మాయి ఏలూరులో ఒక హాల్లో ప్రదర్శన పెట్టింది. నాటకం కాదు, పాటా కాదు. వేదిక మీద ఊరికే నిలబడటం. "ఫొటో దిగేవాళ్ళ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో చూద్దామండీ. కెమెరా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వేదిక మీదున్నవాళ్ళు వినాలి. ఎవరైనా 'చాలు' అంటే అయిపోయినట్టే" అని చెప్పి, "బావా, ముందు మీరు రండి" అంది.

కెమెరాతో ఒక్క గంతులో వేదిక ఎక్కేశాను. "ఒంటికాలమ్మా! గడ్డం పైకి! చేతులు రెక్కల్లా!" హాలంతా హుషారెక్కింది. "కుడిచెయ్యి ఇంకాస్త ఎత్తమనండి మాస్టారూ!" "నవ్వమనండీ!" అందరూ ఫొటోగ్రాఫర్లే. నా గుండె డప్పులా మోగుతోంది. అలాంటి ఫ్రేము జన్మలో దొరకలేదు. ఇంతలో లెన్సులో చూస్తే చీర కుచ్చిళ్ళు వణుకుతున్నాయి. గాలి లేదు. వణికేది కాలు. అయినా ఆ ఒక్క మాట ఎవరి నోటా రావడం లేదు. నేను వెంటనే కెమెరా తీసి, ముందు వరసలో ఉన్న అత్తయ్యకి, అంటే ఆ పిల్ల తల్లికి, మర్యాదగా అందించాను.

ఆవిడ వేదికెక్కి, "కాలు దించవే అమ్మాయ్" అని కూతురితో చెప్పి నా వైపు తిరిగింది. "ఏవండీ అల్లుడుగారూ, కెమెరా ఇప్పుడు నా దగ్గరుందండి. ఒంటికాలి మీద నిలబడండి. గడ్డం కాస్త ఎత్తండి బాబూ."

నిలబడ్డాను. "ఆ పొట్ట లోపలికండీ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. హాలు గొల్లుమంది. కొల్లేటి నుంచి దారి తప్పిన సంచిముక్కు గూడబాతు ఒకటి కిటికీలో వాలి నన్ను ఎగాదిగా చూసింది. కాలు మొద్దుబారింది, చెమట కళ్ళల్లోకి దిగింది. ఒక్కరూ 'చాలు' అనరే! చివరికి మరదలే అంది: "చాలండీ. పాపం, బావగారికి జ్వరం వస్తుంది."

ఇక ప్రమాణం సంగతి. గూడబాతు నిజం. కెమెరా మర్యాదగా అందించానన్నదే కల్పన. "ఇంకొక్కటమ్మా, ఇంకొక్కటే" అంటూ నేను నొక్కుతూనే ఉంటే, అత్తయ్య వచ్చి లాక్కుంది.

ఆవిడ తీసిన ఫొటో ఇప్పటికీ నా స్టూడియోలో ఉంది. వణుకుడు తప్ప ఏమీ సరిగా పడలేదు. "ఎవరండీ ఈ కుర్రాడు?" అని అడుగుతుంటారు. "ఏమోనండీ, గడ్డం మాత్రం చెప్పినట్టే ఎత్తాడు" అంటాను.