సిఘ్నాఘి దిగుడు దారి

జూన్ చివరి వారంలో బక్రీద్ సెలవులు కలిసి వచ్చాయి. ఆ గురువారం ఉదయం నాలుగున్నరకు దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా భవనం ముందు టాక్సీ ఎక్కి, కరుణ అక్కా నేనూ షార్జా విమానాశ్రయానికి బయలుదేరాము. ఆ వేళకే ఉక్కకు టాక్సీ అద్దాలన్నీ చెమర్చి ఉన్నాయి.

ఈ ప్రయాణం అక్క కోరిక. ఆమెది పాలకొల్లు. దుబాయ్‌లో ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి నర్సుగా పనిచేసి, ఆగస్టులో శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోవలసి ఉన్నది. ఎనిమిదేళ్ళ క్రితం నేను ఉద్యోగంలో చేరినప్పుడు వార్డులో నాకు పని నేర్పినది ఆమే. జార్జియా దేశంలో ద్రాక్షతోటల నడుమ, కొండ కొమ్మున సిఘ్నాఘి అనే ఊరు ఉంది. ఆ ఊరి నుంచి లోయలోకి దిగే రోడ్డును ఒక రోగి ఆమెకు ఫోనులో చూపించారట. ఆ ఒక్క రోడ్డు కోసం, యాభై మూడేళ్ళ వయసులో, మా భవనం వెనుక పార్కింగులో నాలుగు నెలలు పడుతూ లేస్తూ ఆమె సైకిలు నేర్చుకున్నది.

"మా ఇంట్లో సైకిలంటే అన్నయ్యలదే. నన్ను వెనకాల క్యారేజీ మీద కూచోబెట్టేవారు. ఒక్కసారి నేనే తొక్కుకుంటా కొండ దిగాలమ్మా. తర్వాత ఖలాస్," అనేది.

ఏడున్నరకు విమానం బయలుదేరి పదకొండు గంటలకు జార్జియా రాజధాని టిబిలిసిలో దిగింది. గడియారం మార్చుకోనవసరం లేదు. రెండు దేశాలదీ ఒకటే సమయం. యూఏఈ నివాస కార్డు ఉన్నందున మాకు వీసా అవసరం రాలేదు. అయితే తిరుగు టికెట్టు, బస కాగితాలు ముద్రించి ఉంచుకోవడం మంచిది. అధికారి రెండూ అడిగి చూశారు. మా కుటుంబంలో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని కావడం వల్లనేమో, కాగితం లేనిదే నాకు కాలు కదలదు.

సంగోరి మెట్రో స్టేషను పక్కన ఒంటి గంటకు చిన్న బస్సు ఎక్కాము. టికెట్టు పన్నెండు లారీలు (అక్కడి డబ్బు పేరు లారీ), ప్రయాణం రెండు గంటలు. పక్క సీటులోని ముసలామె అక్క ఒడిలో గుప్పెడు చెర్రీపళ్ళు పోసింది. అక్క సంచి విప్పి జంతికలు తీసి ఇచ్చింది.

"చూశావా, మాటా మంతీ లేకుండానే బేరం కుదిరిపోయింది," అని నా వైపు తిరిగి నవ్వింది.

మూడు గంటలకు సిఘ్నాఘి చేరాము. ఎర్రపెంకుల ఇళ్ళు, చుట్టూ రాతిగోడ, కింద అలజాని లోయ నిండా ద్రాక్షతోటలు, వాటికి ఆవల మంచుకొండల గీత. మా బస మూడో అంతస్తులో. ఇంటి యజమాని గియా సైకిళ్ళు అద్దెకిస్తాడు, వ్యాను నడుపుతాడు, ద్రాక్షసారాయీ చేస్తాడు. సాయంత్రం నేలమాళిగలో, మెడ వరకూ భూమిలో పాతిన పెద్ద మట్టి జాడీలు చూపించి చెరొక గ్లాసు అందించాడు. నేను మర్యాదగా వద్దన్నాను. అక్క ఒక గుటక వేసింది.

"మన చర్చిలో ఇచ్చేది తియ్యగా ఉంటదే. ఇదేంటి, ఇంత వగరు!" అన్నది.

మరునాడు రెండు కిలోమీటర్ల దూరంలోని బోద్బే మఠం వరకు సాధన చేశాము. ఎత్తుల మీద అక్క సైకిలు నెట్టుకుంటూ నడిచింది. పల్లంలో "యల్లా, యల్లా!" అని అరబ్బీలో పద పదమంటూ అరుస్తూ నన్ను దాటి పోయింది. మేడమ్ రేపటి రోడ్డుకు సిద్ధమేనని గియా ఇంగ్లీషులో అన్నాడు.

శనివారం ఉదయం ఎనిమిదింటికి బయలుదేరాలి. ఏడు కిలోమీటర్ల దిగుడు. ఆపైన సైకిళ్ళనూ మమ్మల్నీ వ్యాను తెలావి పట్టణానికి చేరుస్తుంది. అక్క రక్తపోటుకు మాత్రలు వాడుతుంది. అందుచేత ఏడూ నలభైకి, ఆమె కిందికి వెళ్ళి టైర్లు చూసుకుని పైకి రాగానే, నేను బీపీ మిషను పట్టీ చుట్టాను. నూట అరవై ఎనిమిది, కింద నూట రెండు.

"మీరు దిగకూడదు అక్కా," అన్నాను.

"కాసేపాగి మళ్ళీ చూద్దామా?"

"అంకె కనబడుతూనే ఉందిగా. కింద గియా ఎదురుచూస్తున్నాడు."

ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, హెల్మెట్టు తీసి మంచం మీద పెట్టింది. నేను సైకిలు మీద, నా వెనుక వ్యానులో ఆమె. ఆమె సైకిలు వ్యాను పైన కట్టి ఉంది.

దారి పొడవునా ఆగుతూ చూస్తూ నాలుగింటికి తెలావి చేరాము. సైకిళ్ళు తీసుకుని గియా వెళ్ళిపోయాడు. సాయంత్రపు మాత్రకు ముందు అక్కను కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ చూశాను. నూట ముప్ఫై నాలుగు, కింద ఎనభై నాలుగు.

అప్పుడు నాకు ఉదయం సంగతి అర్థమైంది. ఆమె మూడంతస్తులు ఎక్కి వచ్చింది. అప్పుడే కాఫీ తాగింది. పట్టీ బిగుస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నది. పట్టీ నేను స్వెట్టరు చేతి మీదనే చుట్టాను. నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే మార్కులు పోయే తప్పులు, నాలుగూ ఒక్కసారే చేశాను.

"అక్కా, పొద్దున నేను చూసింది తప్పు."

"తెలుసు."

"తెలిస్తే గట్టిగా ఎందుకు చెప్పలేదు మీరు?"

"ఆగుదామా అన్నాగా. పేషెంటు బతిమాలిందని మాట మార్చకూడదని నీకు నేర్పిందెవరే? నేర్పిందాన్నే బతిమాలితే ఏం బాగుంటది?" అని, "పోనీలే, వ్యాన్లో ఏసీ బాగుంది," అన్నది.

గియాకు ఫోను చేశాను. తెల్లవారి వెనక్కి వెళ్ళి దిగితే మధ్యాహ్నపు విమానం అందదని చెప్పాడు. అక్క నా చేతిలోని ఫోను తీసుకుని ఆపేసింది.

ఆదివారం రెండు గంటలకు విమానం లేచింది. భోజనం ట్రేలు తీశాక అక్క నా వైపు జరిగింది.

"ఏదీ, చెప్పు. మొదటి మలుపు దాటాక ఎట్టా ఉంది?"

"లోయంతా కనబడింది అక్కా."

"లోయ నాకూ కనబడింది, అద్దంలోంచి. బ్రేకులొదిలేస్తే ఎట్టా ఉందని అడుగుతున్నా."

నేను బ్రేకులు వదలలేదు. ఏడు కిలోమీటర్లూ రెండు చేతులా బిగించి, ముందు చక్రాన్నే చూస్తూ దిగాను.

"బాగుంది అక్కా."

"అంతేనా?" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఐదున్నరకు షార్జాలో దిగాము. వేడి ముఖానికి కొట్టింది. ఆగస్టులో అక్క వెళ్ళిపోయింది.

సిఘ్నాఘి చూడదగిన ఊరు. నాలుగు రోజుల సెలవు చాలు. సైకిలు, వ్యాను, బస అక్కడే దొరుకుతాయి. ఆ దిగుడు దారి ఎలా ఉంటుందని మాత్రం పాఠకులు నన్ను అడగవద్దు. చెప్పగలిగిన మనిషిని నేను వ్యానులో కూర్చోబెట్టాను.