భుజం మీది చేతులు

అక్క పోయిన సంగతి నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున కంపెనీ బస్సులో ఉన్నాను, ముత్తుకూరు దాటాం. "మన సీనియర్ ఉద్యోగిని ఈ ఉదయం గుండెపోటుతో మరణించారు. ఆత్మకు శాంతి కలగాలి" అని మేనేజరుగారు పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో మళ్లీ ఆయనదే ఇంకో మెసేజ్: "ఈ రోజు లారీల కాగితాలు ఎవరు చూస్తున్నారు?" నాకు ముందు ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ కాగితాలు చూసింది నేనే.

మీకు ఆమె తెలియదు. కృష్ణపట్నం ఓడరేవు పక్కన సరుకు రవాణా చేసే ఒక ఆఫీసులో ఆమె పక్క కుర్చీ నాది. ఓడ దిగిన సరుకు లారీలో గేటు దాటాలంటే కాగితాలు కావాలి. ఆ కాగితాల సీటు అక్కది. చేపలు పట్టే కుటుంబం. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చిన మొదటి మనిషి ఆమే. ఏసీ గదిలో అద్దాలన్నీ మూసి ఉన్నా ఉన్నట్టుండి తలెత్తి, "గాలి తిరిగింది మే, రేపు మా ఆయన యాటకు పోడు" అనేది. సగం సార్లు తప్పేది. అయినా చెప్పడం మానేది కాదు.

నేను చేరిన కొత్తలో ఒక లారీ నంబరు తప్పు కొట్టాను. బండి గేటు దగ్గర ఆగిపోయింది. దాని ఓనరు ఫోనులో నోటికొచ్చినట్టు తిడుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "తప్పు సీటుది అబ్బయ్యా, ఆ పిల్లది గాదు. నువ్వు అరిస్తే కాగితం బిరీన రాదు. పోయి టీ తాగిరా, ఈలోపల పంపిస్తా" అంది. తర్వాత ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. నంబరును పైకి చదువుకుంటూ కొట్టడం మాత్రం నేర్పింది. ఈ రోజుకీ నేను అలాగే కొడతాను.

ఆ సీటుకు ఒకప్పుడు నలుగురు ఉండేవారు. ఒకాయన రిటైరయ్యాడు, ఇంకొకాయన్ని చెన్నైకి మార్చారు. వాళ్ల జాగాలో ఎవరినీ వేయలేదు. మీటింగులో అక్క లేచి, "సార్, ఇంకో మనిషినియ్యండి, మా ఇద్దరి వల్ల కావడంలే" అని అడిగింది. "మీ మీద ఒత్తిడి ఎక్కువైందని మాకూ తెలుసమ్మా, తప్పకుండా ఏదో ఒకటి చేస్తాం" అన్నారు మేనేజరుగారు. చేశారు కూడా. శుక్రవారం శుక్రవారం మసాజ్ పెట్టించారు.

నెల్లూరు నుంచి ఒక అమ్మాయి మడత కుర్చీ మోసుకొచ్చి మీటింగ్ గదిలో వేసేది. ముందుకు వాలి కూర్చుంటే మొహం ఆనించడానికి దానికొక కంత. మనిషికి పావుగంట. ఆ అమ్మాయి పనికి వంక పెట్టలేను. మెడ దగ్గర నొక్కుతుంటే ప్రాణం లేచొచ్చేది. అక్కకు మాత్రం ఆ పావుగంటా దక్కలేదు. ఆమె లేస్తే లారీలు ఆగుతాయి. అందుకని ఫోను నేల మీద, సరిగ్గా కంత కింద పెట్టుకునేది. మొహం కంతలో, చూపు ఫోను మీద, ఒక చెయ్యి కిందికి జారవిడిచి డ్రైవర్లకు జవాబులు కొట్టేది.

"చెయ్యి వదులుగా పెట్టక్కా" అని ఆ అమ్మాయి బతిమాలేది.

"నీ పని నువ్వు చెయ్యి తల్లీ, నా పని నేను చేసుకుంటా ఉండా గదా" అనేది అక్క.

మేం తలుపు దగ్గర నిలబడి పడీ పడీ నవ్వేవాళ్లం. అక్క కూడా కంతలోంచే నవ్వేది.

తర్వాత ఎడమ భుజం నొప్పి మొదలైంది. చెయ్యంతా లాగుతోందని, నెల్లూరు పోయి డాక్టరుకు చూపించుకుంటానని ఒక రోజు సెలవడిగింది. "ఎల్లుండే శుక్రవారం కదమ్మా. మీ భుజానికి ఇంకాస్త సేపు చేయమని నేను చెబుతాను. ఇదంతా స్ట్రెస్సే" అన్నారాయన. కసురుకోలేదు, ఎంతో మర్యాదగా అన్నారు. ఆ మర్యాద తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. శుక్రవారం నొక్కించుకుంటే సాయంత్రానికి కాస్త తగ్గేది. "తగ్గింది మే. ఇంక డాక్టరెందుకు? ఆ పొద్దుకి ఈ లారీలెవురు చూస్తారు?" అనేది. వారం తిరిగేసరికి నొప్పి మళ్లీ వచ్చేది. ఆమె పోయాక డాక్టరు చెప్పాడట, అది మొదటినుంచీ గుండెనొప్పే అయి ఉంటుందని. ఆమె గుండెనొప్పిని మా ఆఫీసు వారం వారం భుజం మీద రుద్దించింది.

ఈ మసాజ్ గొప్ప చాటుకోవడానికి హెడ్డాఫీసు వాళ్లు ఫొటో అడిగారు. కంతలో మొహం కనపడదు కాబట్టి అక్కను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడిన అమ్మాయి చేతులు భుజాల మీద వేయించారు. ఫోను పక్కన పెట్టమంటే అక్క నా చేతికిచ్చింది. ఫొటోగ్రాఫరు లైటు సరిచేసుకునేలోపే కూర్చున్నచోట నిద్రపోయింది. పెదాల మీద చిన్న నవ్వు. "సూపర్ మేడం, అట్నే ఉండండి" అన్నాడతను. ఆ బొమ్మ పెద్దది చేసి, కింద 'మా ఉద్యోగుల ప్రశాంతతే మా బలం' అని రాయించి గుమ్మంలో పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది. అక్క పోయిన వారానికే ఆమె సీట్లోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. అడిగినప్పుడు దొరకని మనుషులు అంత తొందరగా ఎక్కడ దొరికారో నన్నడగకండి.

పెద్దకర్మకు వాళ్ల ఊరు వెళ్లాను. ఇంట్లో అక్కకు సరైన ఫొటో ఒక్కటీ లేదట. ఉన్నవాటిలో ఎవరి వెనకో సగం కనపడుతుందట. బావ ఆఫీసునడిగితే వాళ్లు ఆ పోస్టరు బొమ్మే పంపారు. గూడూరు స్టూడియోలో వెనకున్న అమ్మాయిని తీసేసి నీలం రంగు వేశారు. భుజాల మీది చేతులు తీస్తే చీర పాడవుతుందని వాటిని అలాగే వదిలేశారు. అవి కనపడకుండా బావ బంతిపూల దండ వెడల్పుగా వేశాడు.

అక్క వాళ్లమ్మ ఫొటో ముందే కూర్చుని ఉంది. నా చెయ్యి పట్టుకుని, "నిద్రపోతా ఉన్నెట్టుంది గదా పాపా" అంది. కాసేపు అలాగే చూసి, "ఎవురివమ్మా ఆ చేతులు?" అనడిగింది.

"ఆఫీసోళ్లవి అవ్వా" అన్నాను.

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికి దండ కదిలినప్పుడల్లా ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు బయటపడుతున్నాయి.