ఒకే ముక్కగా వచ్చిన తలుపు

మా తమ్ముడు పోయాడు. పోయిన వారం మంగళవారం పొద్దున్న నేను ప్రార్థన ముగించి లేస్తుండగా మేనకోడలు చెప్పుల్లేకుండా వాలు దిగి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "అత్తా, నాన్న పలకడం నేదు" అంది. నేను వెళ్ళేసరికే చెయ్యి చల్లబడి ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పారు. వాడికి యాభై రెండేళ్ళు.

జి.మాడుగుల రోడ్డున తిరిగే వాళ్ళలో చాలామందికి వాడి పేరు తెలియదు. తలుపుల మేస్త్రి అంటే తెలుసు. చదివేవారిలో ఏ ఒక్కరైనా ఎప్పుడైనా ఆ రేకుల షెడ్డు ముందు బండి ఆపి ఉంటారన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా కొండల్లో బండికి ముందుగా పాడయ్యేది ఇంజను కాదు, తలుపు. పదిమంది పట్టే జీపులో ఇరవై మంది ఎక్కుతారు. అల్లం బస్తాలు, కోళ్ళు, పిల్లలు. తలుపు పట్టుకుని ఒకరు వేలాడతారు. ఎండల్లో దుమ్ము, వానల్లో బురద. కొన్నాళ్ళకు లాకు పట్టదు. డ్రైవరు తాడు కట్టుకుంటాడు. తాడు కూడా తెగాక మా తమ్ముడి దగ్గరకు వస్తాడు.

వాడు ముందుగా స్పానరు పట్టేవాడు కాదు. తలుపును వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు.

"మేస్త్రీ, తలుపు మూసుకోడం నేదు. బేగి సూడు, సంత జనం ఎదురుసూస్తన్నారు" అన్నాడొకసారి ఒక డ్రైవరు.

"నీ నోరూ మూసుకోదు కదరా. ముందు ఏది బాగు సెయ్యమంటావు?" అన్నాడు వాడు, చెవి తియ్యకుండానే.

పని అయ్యాక తలుపును డ్రైవరు చేత వేయించేవాడు కాదు. దారిన పోయే ముసలమ్మనెవరినో పిలిచి, "ఓలమ్మా, ఒక్కపాలి ఏసి సూడవే" అనేవాడు. ఆమె చేతికి మెత్తగా పడితేనే పని అయినట్టు. పడకపోతే మళ్ళీ విప్పేవాడు. కొందరు ముసలమ్మలు వాడిని ఆటపట్టించడానికి కావాలనే మెల్లగా వేసేవారు. వాడికి అదీ తెలుసు.

వాడికి ఇంకో అలవాటు ఉంది. ఏ తలుపు విప్పినా, అడుగున రెండు కన్నాలు పొడిచేవాడు. ఉన్న కన్నాలు మూసుకుపోతే మేకుతో పెద్దవి చేసేవాడు. "నీరు రాకండా ఆపడం మన వల్ల కాదప్పా. పోడానికి దారి ఉంచాలి" అనేవాడు. అమ్మ పోయినప్పుడు కూడా నాతో ఇదే మాట అన్నాడు. నేను ఏడవకుండా కూర్చున్నానని.

చిన్నప్పుడే నాన్న పోయి అమ్మ మంచాన పడ్డాక, వాడు అప్పా అని పిలిచే ఈ అక్కే వాడిని పెంచింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పడింది. ఏ పెద్ద పనైనా నేను ప్రార్థన చేసి చెబితేనే. వాడి పెళ్ళి అలాగే జరిగింది, షెడ్డు అలాగే వేశాడు. మరదలు జబ్బుపడినప్పుడు ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలో కూడా నన్నే అడిగాడు. నేను చెప్పిన ఆసుపత్రిలో ఆమె పోయాక కూడా వాడికి నా మాట మీద నమ్మకం తగ్గలేదు. నాకు తగ్గింది. పైకి చెప్పలేదు.

గత మూడు నాలుగేళ్ళలో రోడ్డు మారింది. మేఘాలు చూడడానికి వచ్చేవాళ్ళ కార్లు, కాఫీ షావుకార్ల కార్లు, మా వాళ్ళే కొనుక్కున్న చిన్న కార్లు. జీపులు తగ్గాయి. విశాఖపట్నం నుంచి విడిభాగాల కంపెనీ అబ్బాయి ఒకడు నెలకోసారి షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, తమ్ముడి ముందు ఒక నల్లటి ప్లాస్టిక్ పలక పెట్టి ఉంది. అద్దం ఎత్తే మోటారు, లాకు, స్పీకరు, వైర్లు అన్నీ దానికే బిగించి ఉన్నాయి.

"దీన్ని డోర్ మాడ్యూల్ అంటారు మేస్త్రిగారూ" అన్నాడు ఆ అబ్బాయి. "ఫ్యాక్టరీలోనే అన్నీ కలిపేసి ఒకే ముక్కగా పంపుతారు. ఇప్పుడు చిన్న బండికి కూడా అద్దం మీటతోనే కదా. బరువు తగ్గాలని ఇనుము బదులు ప్లాస్టిక్కు. కరెంటు బళ్ళు పెరిగితే ఇంకా తేలికవి వస్తాయి. ఈ వ్యాపారం ఇక పెరగడమేనండి."

"పెరుగుద్ది బాబూ. మరందులో నానెక్కడుంటాను?"

"పాతది విప్పి కొత్తది బిగిస్తారు."

"బాగు సెయ్యడం?"

"బాగు చెయ్యక్కర్లేదండి."

మా తమ్ముడు ఆ పలకను తిప్పి తిప్పి చూశాడు. వేలి కణుపుతో తట్టాడు. అది ఏమీ పలకలేదు.

పట్నంలో పది రోజుల శిక్షణ ఉందని, వస్తే షెడ్డును తమ బిగింపు కేంద్రంగా పెట్టుకుంటామని ఆ అబ్బాయి చెప్పి వెళ్ళాడు. మా తమ్ముడు నవ్వి స్పానరు అందుకున్నాడు.

ఆ వానాకాలంలోనే ఒక కాఫీ షావుకారు తన తెల్లకారు తెచ్చాడు. వెనక తలుపు అద్దం పైకి రావడం లేదు. కొత్త మాడ్యూల్ వేయమన్నాడు. మా తమ్ముడికి మనసొప్పలేదు. తెగింది చిన్న తీగ ఒక్కటే, దానికి మొత్తం పారెయ్యడం ఏమిటని విప్పి, తీగ మార్చాడు. అద్దం లేచింది. మూసే ముందు చూస్తే, లోపలి పలకకు నీరు పోయే దారి ఎక్కడా కనబడలేదు. తన పద్ధతి ప్రకారం దానికి అడుగున రెండు కన్నాలు పెట్టాడు.

ఆ పలక ఉన్నదే నీటిని అవతలే ఆపడానికి. నీరు పోయే దారి బయటి రేకుకు ముందే ఉంది. అది వాడికి తెలియదు. చెప్పినవాళ్ళు లేరు. ఆ కన్నాల్లోంచి వాననీరు వైర్ల మీదకు వచ్చింది. నెల తిరక్కుండా షావుకారు తల్లి, ఆసుపత్రి గేటు ముందు, ఆ తలుపు తెరుచుకోక లోపలే ఉండిపోయింది. అవతలి తలుపులోంచి దింపారు. ఆమెకు ఏమీ కాలేదు. కానీ షావుకారు షెడ్డు ముందు నలుగురిలో, "ఏటి సేసినావు మేస్త్రీ? నీకు జీపులే మేలు, ఈటి జోలికి రాకు" అన్నాడు.

వాడు తలొంచుకుని విన్నాడు. కొత్తది తెప్పించి తనే బిగించి ఇచ్చాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అప్పా, ఆ ట్రయినింగుకి ఎల్తాను. ఈ వయసులో నేర్సుకోడానికి సిగ్గు నేదు. తెలీకండా సెయ్యి పెట్టినానే, అదే సిగ్గు. ఏటంటావు?"

"ప్రార్థన చేసి చెబుతాను" అన్నాను.

రోజూ చేశాను. ఏమీ తోచలేదు. తోచకపోవడమే జవాబు అనుకున్నాను. ఇప్పుడు ఇక్కడ నిజం రాయాలి. నాకు భయం. వాడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. పట్నంలో ఎవరు చూస్తారు? మరదలి విషయంలో ఒకసారి తప్పు చెప్పిన నోరు మళ్ళీ చెప్పడానికి భయపడింది. ఆ భయానికి దేవుడి పేరు పెట్టాను. వాడు రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు. ఆ బ్యాచ్ వెళ్ళిపోయింది. తర్వాతిది మళ్ళీ నాలుగు నెలలకు.

ఆ నాలుగు నెలలు వాడు షెడ్డులో ఉన్నాడే గాని, కారు వస్తే లేచేవాడు కాదు. "జీపయితే సూత్తాను బాబూ" అనేవాడు. జీపులు రావడం లేదు. మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్తే, పొద్దుటి చద్దన్నమే అరగలేదనేవాడు. మేనకోడలు ఒకనాడు నా మీద కోప్పడింది. "అత్తా, నువ్వు ఎల్లమంటే నాన్న ఎల్తాడు, వొద్దంటే మానీస్తాడు. ఏదోటి సెప్పవేటి?" నా ముందు అంత గట్టిగా మాట్లాడిన మనిషి అదొక్కతే.

మరుసటి ఆదివారం చర్చి నుంచి నేరుగా షెడ్డుకు వెళ్ళాను. "వెళ్ళరా" అన్నాను.

"దేవుడు సెప్పినాడేటి?" అన్నాడు.

"లేదు. నేనే చెబుతున్నాను."

వాడు బల్ల మీంచి లేచాడు. తర్వాత నవ్వాడు. "అయితే తప్పకండా ఎల్లాలి. నువ్వు నీ అంతట నువ్వు సెప్పింది ఇదే మొదలు" అన్నాడు. కంపెనీ అబ్బాయికి ఫోను చేసి తర్వాతి బ్యాచ్‌లో పేరు రాయించాడు. గురువారం బయలుదేరాలి. సోమవారం రాత్రి అన్నం తిని పడుకున్నాడు.

సమాధి చేసిన మూడో రోజు కంపెనీ అబ్బాయి వచ్చాడు. విషయం తెలియక, మేస్త్రిగారు రాలేదేమని అడగడానికి వచ్చాడు. చెప్పాక అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. మేనకోడలు టీ ఇచ్చింది. షెడ్డు మీరు నడుపుతారా అని ఆమెను అడిగాడు. నర్సీపట్నంలో బట్టల కొట్టులో పని చూసుకున్నానని, వచ్చే నెల వెళ్తానని చెప్పింది. నాకు అప్పుడే తెలిసింది. నన్ను అడగలేదు. అడగనందుకు కోపం రాలేదు. వాడిని నేను నాలుగు నెలలు ఆపిన చోట, ఆ పిల్ల ఒక్క రోజు కూడా ఆగదలచుకోలేదు.

షెడ్డులో వాడు ఎప్పుడో విప్పి పెట్టిన తలుపులు తొమ్మిది మిగిలాయి. కబురు పంపితే డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చారు. తలుపును భుజాన వేసుకుని, నాకు దండం పెట్టి వెళ్ళారు. ఒకడు మాత్రం, "ఇంకెవుడు సేస్తాడు దీన్ని?" అని తలుపునే అడిగినట్టు అడిగాడు.

ఎనిమిది వెళ్ళాయి. తొమ్మిదోది ఎవరిదో తెలియదు. నీలిరంగు తలుపు. నిన్న షెడ్డు తాళం వేసే ముందు దాన్ని బయట గోడకు ఆనించి పెట్టాను, సొంతదారు చూస్తే తీసుకుంటాడని. అద్దం సగం దిగి ఆగిపోయి ఉంది. లోయలోంచి మంచు లేచి, ఆ సగం సందులోంచి ఇవతలికి వస్తూనే ఉంది.