దేవుడు లేడనిపించిన ఆదివారం

చదువు పూర్తిచేసుకుని కొత్తగా ఇంటికొచ్చిన రోజుల్లో, లోకమంతా మన జవాబు కోసమే కాచుకుని ఉందనిపిస్తుంది. తత్వశాస్త్రంలో ఎం.ఏ. చేసి హిందీ ప్రాంతపు గనుల ఊరైన కిరందుల్ రైల్వే కాలనీలో పిన్ని ఇంటికి చేరిన నాకూ అలాగే అనిపించింది. (ఉద్యోగం లేదు, జవాబులు మాత్రం బోలెడు.) ఒకరోజు మా గుడి ఫాదర్‌గారు పిలిచి, "కుర్రాళ్ళు ఫోన్లలో వీడియోలు చూసి దేవుడు లేడంటున్నారు. ఆదివారం పూజ అయ్యాక ఓ అరగంట నువ్వు మాట్లాడు బాబూ" అన్నారు.

నేను పొంగిపోయాను. మధ్యయుగాల కతోలిక సన్యాసి పండితులంటే నాకు వల్లమాలిన అభిమానం. వాళ్ళు ఏ విషయమైనా ముందు ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బలంగా చెప్పి, ఆ తర్వాతే తమ జవాబు చెప్పేవారు. ఎవరి మాటా ఎవరూ వినిపించుకోని ఈ ఫోన్ల కాలానికి ఇంతకన్నా మంచి మందు ఏముంటుంది? అందుకని ఆదివారం మైకు పట్టుకోగానే గంభీరంగా మొదలుపెట్టాను: "దేవుడు లేడనే అనిపిస్తోంది." ముందు బెంచీలో ఒకావిడ గబగబా సిలువ గుర్తు వేసుకుంది. ఆయన మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే లోకంలో ఇంత చెడు ఎందుకుంది? అన్నీ వాటంతటవే నడుస్తుంటే ఆయనతో పనేమిటి? చెప్పుకుంటూ పోయాను. "దీనికి పాతకాలం పెద్దల జవాబు..." అనేసరికి బైలాడిలా కొండల మీంచి గాలివాన విరుచుకుపడి కరెంటు పోయింది. రేకుల కప్పు మీద వాన మోతలో నా జవాబు నాకే వినపడలేదు. జనం పిల్లల్ని చంకనేసుకుని ఇళ్ళకు పరుగెత్తారు.

నేను తడిసి ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. పిన్ని గుమ్మంలోనే, "ఏట్రా, గుడిలో మైకెట్టి దేవుడు లేడని సెప్పేవంట?" అంది.

"అది అభ్యంతరం పిన్నీ. జవాబు తర్వాత వస్తుంది."

"ఎప్పుడొస్తాది?"

"కరెంటొచ్చాక."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడింది. సాయంత్రానికి బజారంతా హిందీలోనూ అక్కడి గిరిజనుల హల్బీలోనూ అదే మాట. (కూరగాయలమ్మే ఆవిడ "తబియత్ ఠీక్ హై, బేటా?" అని నా ఆరోగ్యం పరామర్శించింది.)

మర్నాడు పొద్దున్నే అదే కాలనీలో ఉండే మావయ్య వచ్చాడు. రైల్వేలో సిగ్నళ్ళ పని ఆయనది. అత్త పోయినప్పటి నుంచి గుడి మెట్టెక్కలేదు. "నిన్న మా కోటరు దాకా ఇనపడ్డాది నీ మైకు" అన్నాడు. తిడతాడనుకున్నాను. "మీ అత్తని దేవుడెందుకు తీసుకుపోనాడని అడిగితే, అందరూ తప్పు తప్పన్నోళ్ళే. ఆ మాట గుడిలోంచే ఇంటాననుకోలేదు. ఇంతకీ ఆ పెద్దలు ఏటి సెప్పేరు?"

పుస్తకంలో ఆ అభ్యంతరం చదివినప్పుడు దాని వెనక మా మావయ్య ఉన్నాడని నాకు తోచనే లేదు. చెడులోంచి కూడా దేవుడు మంచిని తీయగలడన్న జవాబు కంఠతా వచ్చు. ఆయన మొహం చూస్తూ అప్పజెబితే అది మరీ చిన్నగా వినిపించింది. మావయ్య టీ చివరిదాకా తాగి, "ఆ జవాబు సాల్దురా. గానీ నా మాట తిన్నగా సెప్పేవు" అని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం గుడి కిటకిటలాడింది, ఈసారి ఏం కూస్తానోనని. మావయ్య వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జవాబు మొత్తం చెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టు కనపడలేదు, లేచిపోనూ లేదు. పిన్ని మాత్రం నేను మైకు కింద పెట్టేదాకా జపమాల వదల్లేదు.

అరగంటలో దేవుడి సంగతి తేల్చేద్దామనుకున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడప్పుడు అతని ధీమా కాస్త అప్పుగా దొరికితే బాగుండుననీ అనిపిస్తుంది.