ఒట్టుకు వంగే మాస్టారు

రాజమండ్రిలో మాకు రష్యన్ నేర్పిన మాస్టారు, ఎవరైనా ఒట్టు పెడితే చాలు, ఠక్కున వంగి అరచేత్తో నేలను తాకేవారు. మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్లబోయే మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన నిఘంటువు కనిపించలేదు. దాన్ని సంచిలో దాచుకున్నది నేనే. అడిగితే, "అమ్మ మీద ఒట్టండీ, నేను చూడలేదు" అన్నాను.

మాస్టారు ఈసారి వంగి ఊరుకోలేదు, మోకాళ్ల మీద కూర్చున్నారు.

"రష్యన్‌లో ఒట్టుని క్ల్యాత్వ అంటారు, శాపాన్ని ప్రక్ల్యాతియె అంటారు. రెండిటికీ మూలం ఒకటేనమ్మా. ఆ మూలానికి వంగడమని అర్థం చెబుతారు కొందరు. పూర్వం వాళ్లు వంగి, నేల తాకి ఒట్టేసేవారట. మన శపథం, శాపం కూడా ఒక్క ధాతువులోంచి పుట్టినవే. అబద్ధపు ఒట్టంటే మనవాళ్లకి మనమే పెట్టే శాపం. మీ అమ్మగారి పేరేంటి?"

చెప్పాను. ఆయన నేలకు నోరు ఆనించి ఆ పేరు పలికి, ఎవరినో బతిమాలుకున్నారు. చాలాసేపటి దాకా అరచెయ్యి పైకి తియ్యలేదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

నాకు భయమేసింది. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను.

"ఇప్పుడే కాలవ రేవులో కాలు జారిందే," అంది అమ్మ రొప్పుతూ. "మునిగిపోయేదాన్నే. ఎవరో అడుగు నుంచి పైకి నెట్టినట్టయింది. చూస్తే రేవులో ఎవరూ లేరు."

నిఘంటువు పట్టుకుని లోపలికి వెళ్లాను. నేను నోరు విప్పకముందే మాస్టారు తలెత్తి, "అమ్మగారికి ఈత రాదా అమ్మా?" అని అడిగారు.